మట్టి పరీక్షకు కొన్ని రోజులు రోడ్డు ఆపితే ముందే ట్రాఫిక్ లెక్క కట్టాలా, అక్కర్లేదా?

శాలిబండ కిరాణా:
ఏ పనో, ఏ కాంట్రాక్టరో రాయను. పాతబస్తీల మా దుకాణం ముందర మట్టి పరీక్షకని మూడు కాళ్ల బోరు మిషన్ నిలబెట్టిన్రు. మూడు రోజులే అన్నరు. ఎనిమిదో రోజుకు తీసిన్రు. సగం రోడ్డు వాళ్లదే అయింది, సామాన్ల ఆటో గూడ గల్లీల కెల్లి రావట్టె. రేపు ఎంజీబీఎస్ బస్టాండ్ నుంచి చాంద్రాయణగుట్ట దాక ఏడున్నర కిలోమీటర్లు మెట్రో అంటున్నరు. అసొంటి లైన్‌కు ఎన్ని బోర్లు పడ్తయో చెప్పండ్రి. బోరు చిన్నదైనా, ట్రాఫిక్ ఎంత ఆగుతదో ముందే చూడాల్నా వద్దా?

బోరుహోల్ బాబాయ్:
ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. నా మాట: వద్దు. ఒక పాయింటుకు వచ్చేవి ఏంటి? మిషన్ దించే డీసీఎం లారీ, నీళ్ల ట్యాంకరు, ఇద్దరు ముగ్గురి బైకులు. దీనికి అధ్యయనం పెడితే పని కంటే అధ్యయనమే ఎక్కువ రోజులు పడుతుంది.

మూడు రోజులు ఎనిమిది ఎందుకయ్యాయో చెప్తాను. మట్టిలో పని తేలిక. మట్టి ఎంత గట్టిదో తెలియడానికి 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతాం. మొదటి 15 సెంటీమీటర్లు లెక్కలోకి రావు, తర్వాతి 30 దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో రాసుకుంటాం. కానీ హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైటు. మొరం దాటగానే సుత్తి దిగదు, డైమండ్ బిట్‌తో రాయి కోసుకుంటూ పోవాలి. తగిలింది అడుగున పరుచుకున్న అసలు బండా, మట్టి మధ్యలో ఇరుక్కున్న విడి రాయా తేలాలంటే ఇంకా కొన్ని మీటర్లు దిగాల్సిందే. అది ముందు చెప్పడం ఎవరి తరమూ కాదు.

లేన్ లెక్క:
బాబాయ్ గారూ, మీరు లెక్కపెట్టింది మీ బండ్లను. లెక్కపెట్టాల్సింది ఆగిపోయే మా బండ్లను. ఏడు మీటర్ల రోడ్డులో మిషన్, ట్యాంకరు, బారికేడ్లు కలిసి మూడు మీటర్లు తింటే మిగిలేది నాలుగు. ఎదురెదురుగా వచ్చేవాళ్లు వంతులవారీగా కదలాలి. గంటకు 900 బండ్లు వస్తూ 600 మాత్రమే దాటుతున్నాయనుకోండి. రెండు గంటల్లో 600 మిగిలిపోతాయి. వెనక వంద మీటర్లలో జంక్షన్ ఉంటే అదీ మూసుకుపోతుంది.

రోడ్డు పనుల దగ్గర ట్రాఫిక్ ఎలా నడపాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల ఐఆర్‌సీ ఎస్‌పీ 55 పుస్తకంలో ఉంది: ముందస్తు హెచ్చరిక, దారి మళ్లే చోటు, పని చోటు, మళ్లీ మామూలు దారి. పెద్ద నివేదిక నేనూ అడగట్లేదు. ఒక్క రోజు కూర్చుని బండ్లు లెక్కపెట్టి, ఒక్క కాగితం గీయమంటున్నా. ‘మూడు రోజులు’ అని మాత్రం అందులో రాయొద్దు, ఎనిమిదికే లెక్క కట్టండి. రాయి సంగతి మీరే చెప్పారుగా!

కూకట్‌పల్లి కుర్రాడు:
ఇంత గొడవెందుకు? రాత్రి పదకొండు తర్వాత చేస్తే పోయె.

రాత్రి ఆటో:
తమ్మీ, నువ్వు రంజాన్ల చార్మినార్ దిక్కు వచ్చినవా? రాత్రి రెండింటికి బండి కదలది. మా బస్తీల ఖాళీ అంటే పొద్దుగాల ఆరు నుంచి పది. దుకాణాలు పదకొండింటికి గాని తెరవరు. మీ ఐటీ దిక్కు లెక్క ఈడ నడవది. ఇగ మొహర్రంకు బీబీకా ఆలం ఊరేగింపు దారుల్‌షిఫా మీదికెల్లి పోతది. బోనాలకు హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగు మీద వస్తది. ఆ దినాలు కాగితం మీద ఉండాల్నా లేదా?

బోరుహోల్ బాబాయ్:
పొద్దున పని సంగతి బాగుంది, నాకు తట్టలేదు. రాత్రి మాత్రం నేనూ ఒప్పుకోను. నివాస ప్రాంతాల్లో పది దాటితే 45 డెసిబెల్సే హద్దు, మా ఇంజన్ పక్కన నిలబడి చూడండి. కానీ పదింటికి తీసేసి మర్నాడు ఆరింటికి మళ్లీ పెట్టాలంటే ఈ మూడు కాళ్ల మిషన్‌తో కుదరదు. లారీ మీద బిగించిన రిగ్గు కావాలి. బోరు గోడలు కూలకుండా దించే కేసింగ్ పైపు మీద ఉక్కు ప్లేటు మూసి వెళ్లిపోవచ్చు. దాని అద్దె ఎవరిస్తారు? టెండర్లో ఆ పద్దే ఉండదు.

లేన్ లెక్క:
అదేగా నేనంటున్నది! ముందే లెక్క కడితేనే ఆ పద్దు టెండర్లోకి ఎక్కుతుంది.

శాలిబండ కిరాణా:
టెండర్ మీరు చూసుకోండ్రి. ఇంకొక్కటి. బోరు పూడ్చి పోయిన్రు, ఒక్క వానకే ఆడ జానెడు కుంగింది. నిన్న ఒక స్కూటీ పడ్డది. నేనే ఇటుకలు పెట్టి కట్టెకు ఎర్రగుడ్డ కట్టిన. ఆ కాగితం మీద గుంత పూడ్చెటోని ఫోన్ నంబర్ గూడ ఉంటదా లేన్ అన్నా?