డప్పు వినిపిస్తోంది, గొంతు మాయం: కంప్యూటర్ నుంచి మిక్సర్‌కి కేబుల్

ప్రశ్న (విజయనగరం):
కంప్యూటర్ వెనక పచ్చ జాక్ నుంచి మిక్సర్ మొదటి ఛానెల్‌కి ఒకటే కేబుల్ వేశాం. ఇటు 3.5 ఎంఎం, అటు 6.35 స్టీరియో పిన్ను. తప్పెటగుళ్ళ రికార్డింగ్ పెడితే గజ్జెలు, డప్పు లీలగా వస్తున్నాయి, పాడేవాళ్ళ గొంతు లేదు. హెడ్‌ఫోన్‌లో బాగానే ఉంది. పైగా బుయ్యిమని హమ్. ఏటండీ ఇది?

జవాబు 1:
సౌండ్ కార్డ్‌కి ఏమీ కాలేదు, కేబులే తప్పు. మీ మిక్సర్ ఛానెల్‌ది బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్, అంటే పిన్ను కొన మీది సిగ్నల్లోంచి రింగు (కొన పక్కనున్న లోహపు పట్టీ) మీదిది తీసేసే రకం. కంప్యూటరేమో కొనకి ఎడమ, రింగుకి కుడి పంపుతుంది. గొంతు రెండిట్లో సమానం, కాబట్టి సున్నా. 3.5 స్టీరియో నుంచి రెండు 6.35 మోనో పిన్నులకు చీలే వై కేబుల్ కొనండి. షాపులోనే 6.35 పిన్నుల మీద నల్ల గీతలు చూసుకోండి: ఒకటుంటే మోనో, రెండుంటే స్టీరియో. ఒకటి, రెండు ఛానెల్స్‌కి గుచ్చి, పాన్ (శబ్దాన్ని ఎడమకో కుడికో పంపే నాబ్) చెరోవైపు తిప్పండి. ఒక్క స్పీకరే అయితే రెండూ మధ్యలోనే.

జవాబు 2 (శ్రీకాకుళం):
హమ్ గ్రౌండ్ లూప్‌ది అయ్యుంటుంది, అంటే పరికరాల ఎర్త్‌లు, కేబుల్ కలిసి ఒక చుట్టులా ఏర్పడి అందులో కరెంటు తిరగడం. కంప్యూటర్, మిక్సర్, యాంప్లిఫయర్ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టండి. అప్పటికీ పోకపోతే కేబుల్ మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ వేయండి. ఎర్త్ పిన్ను మాత్రం పీకొద్దు, షాక్ కొడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
మిక్సర్ నుంచి తిరిగి రికార్డు చేయాలంటే గులాబీ జాకేనా?

జవాబు 1:
కాదు, నీలం (లైన్ ఇన్). గులాబీది మైక్‌కి, మిక్సర్ సిగ్నల్ అక్కడ పగిలిపోతుంది. ల్యాప్‌టాప్‌లో నీలం ఉండదు, లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డ్ తీసుకోండి.