సమారియం హెక్సాబోరైడ్‌లో ఆసిలేషన్లు పైపొరవా, లోపలివా?

పాతక్రయోస్టాట్:
టాపలాజికల్ ఇన్సులేటర్ లోపల కరెంటు పోనివ్వదు, పైపొరలో పోనిస్తుంది అని తేలిగ్గా అనేస్తాం, కొలతలో ఏది ఎక్కడిదో విడదీయడం దగ్గరే గొడవంతా. అలాంటిదేనని అనుమానిస్తున్న సమారియం హెక్సాబోరైడ్‌లో అయస్కాంత క్షేత్రం పెంచుతూ టార్క్ (ఆ క్షేత్రం ముక్కని మెలితిప్పే బలం) కొలిస్తే పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంది, ఈ ఆసిలేషన్లు మామూలుగా లోహాల్లో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్ల వల్ల వచ్చేవి. 2014లో మిషిగన్ వాళ్లు అది పైపొరదే అన్నారు, 2015లో కేంబ్రిడ్జ్ వాళ్లు కాదు, లోపలిదే అన్నారు. నా ఓటు పైపొరకే. ఒకవైపు మందంగా, ఇంకోవైపు పలచగా అరగదీసిన ముక్కలో హాల్ వోల్టేజ్ (అయస్కాంత క్షేత్రంలో కరెంటుకి అడ్డంగా పుట్టేది) కొలిస్తే, బాగా చల్లబరిచాక మందంతో సంబంధమే లేదని, అంటే కరెంటు పైపొరలోనే పోతోందని 2013లోనే తేలిపోయింది కదా.

సందేహాలరావు:
అది కరెంటు సంగతి గురూ! కరెంటు ఎటు సులువో అటే పోతుంది, టార్క్‌కి ఆ తేడా లేదు, ముక్కలో ఎక్కడేమున్నా పట్టేస్తుంది. పైగా ఆ ఆసిలేషన్లు పైపొరవే అయితే, కరెంటంతా అక్కడే పోతున్నప్పుడు రెసిస్టెన్స్ కూడా ఊగాలిగా? కేంబ్రిడ్జ్ వాళ్లకి ఊగలేదు. ఆ ఊగడం ఫ్రీక్వెన్సీలేమో అచ్చమైన లోహం లాంథనం హెక్సాబోరైడ్ వాటిలా ఉన్నాయి, దాంట్లో అవి లోపలివే.

బిస్మత్‌బాధితుడు:
ఇద్దరూ క్రిస్టల్ ఎలా పెంచారో అడగట్లేదు. అల్యూమినియం కరిగించి అందులో పెంచితే దాని తునకలు లోపల ఇరుక్కుంటాయి, 2019లో అలాంటి ముక్కల్లో ఆసిలేషన్లు ఆ అల్యూమినియానివే అని చూపించారు. దారుణమేంటంటే రెసిస్టెన్స్ కొలతలో దాని జాడే కనపడదు. నేను చదువుకునే రోజుల్లో ఇంకో టాపలాజికల్ ఇన్సులేటర్ బిస్మత్ సెలెనైడ్‌తో ఇలాగే దెబ్బతిన్నా, సెలీనియం లేని ఖాళీల వల్ల లోపల పుట్టిన ఎలక్ట్రాన్లని పైపొరవనుకుని ఆరు నెలలు గ్రాఫులు గీశాను (గైడ్ కూడా నమ్మేశారు, అదో ఓదార్పు).

సందేహాలరావు:
ఒప్పుకుంటా. కానీ కడ్డీని కొంచెం కొంచెంగా కరిగిస్తూ క్రిస్టల్ పెంచే ఫ్లోటింగ్ జోన్ పద్ధతిలో అల్యూమినియమే వాడరు, ఆ క్రిస్టల్స్‌లోనూ చూశామని కేంబ్రిడ్జ్ వాళ్లు అంటున్నారుగా. దానికేమంటారు?

బిస్మత్‌బాధితుడు:
అదే పద్ధతి ముక్కల్లో వేరేవాళ్లకీ కనపడాలి అంటాను.

పాతక్రయోస్టాట్:
సరే, నా హాల్ వాదన టార్క్‌కి పనికిరాదు, వెనక్కి తీసుకుంటున్నా. మిషిగన్ ముక్కలూ అల్యూమినియంలో పెంచినవే కాబట్టి నా ఓటు కూడా పెండింగే. టార్క్ కొలిచిన ముక్కనే మళ్లీ 1.2 కెల్విన్ కిందికి తీసుకెళ్లి సస్సెప్టిబిలిటీ (అయస్కాంత క్షేత్రానికి ముక్క ఎంత స్పందిస్తుందో) చూడండి, అల్యూమినియం ఉంటే సూపర్‌కండక్టర్ అయి అక్కడ దొరికిపోతుంది. ఆ గ్రాఫు పక్కన లేని టార్క్ పేపర్‌ని ఇకమీదట నేను చదవను.