అల్గాంక్విన్‌లో మొదటి కనూ ప్రయాణం: మే నెలలో వెళ్లవచ్చా?

బ్రాంప్టన్ వాసి:
నమస్కారం. నేనూ మా బావగారూ మే నెలలో వచ్చే విక్టోరియా డే సెలవులకు కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఉన్న అల్గాంక్విన్ ప్రొవిన్షియల్ పార్కులో కనూ (తెడ్డుతో నడిపే సన్నని పడవ) మీద తిరుగుతూ, సరస్సుల ఒడ్డున గుడారం వేసుకుని మూడు రాత్రులు గడపాలనుకుంటున్నాము. కోనసీమలో పెరిగినవాళ్లం కాబట్టి తెడ్డు వేయడం చిన్నప్పుడే అలవడింది, ఈత కూడా వచ్చు. అయితే ఒక సరస్సు నుంచి మరొక సరస్సుకు పడవను భుజాన మోసుకుని నడవవలసి ఉంటుందట. మొదటిసారికి ఏ దారి పట్టాలో, తిండికి ఏమి తీసుకువెళ్లాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ఒట్టావా నివాసి:
దారి సంగతి తరువాత చూడవచ్చు, ముందు తేదీ మార్చుకోండి. అక్కడి సరస్సుల మీద మంచు సాధారణంగా ఏప్రిల్ చివరనో మే మొదటనో కరుగుతుంది కనుక, విక్టోరియా డే నాటికి ఎండ ఎంత హాయిగా ఉన్నా నీటిలో చలి ఇంకా విడిచి ఉండదు. గోదావరి కాలువలో పడితే ఈదుకుంటూ గట్టెక్కుతాము. ఇక్కడ గజ ఈతగాడికైనా ఆ భరోసా లేదు. చలి ప్రభావం మీద పరిశోధించిన మానిటోబా విశ్వవిద్యాలయం ఆచార్యులు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీనిని 1-10-1 అని గుర్తు పెట్టుకోమంటారు: చన్నీటిలో పడగానే వచ్చే ఎగశ్వాసను అదుపులోకి తెచ్చుకోవడానికి 1 నిమిషం, చేతులూ కాళ్లూ మన మాట వినేది సుమారు 10 నిమిషాలు, ఒళ్లు చల్లబడి స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. ఆ గంట మనకు దక్కాలంటే లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి. మనిషికొకటి చొప్పున పడవలో ఉంటే చట్టానికి సరిపోతుంది గానీ, కాళ్ల దగ్గర పడి ఉన్న జాకెట్‌ను నీళ్లలో మునిగాక తొడుక్కోవడం జరిగే పని కాదు. కొన్నేళ్ల క్రితం మే నెలలో మా కనూ ఒడ్డు దగ్గరే తిరగబడినప్పుడు, నడుము లోతు నీటిలో నిలబడి కూడా వేళ్లు కొంకర్లు పోయి సంచికి కట్టిన తాడు ముడి విప్పలేకపోయాను.

పైగా మే మధ్య నుంచి జూన్ దాకా నెత్తురు వచ్చేలా కుట్టే నల్ల ఈగలు, వాటి వెనుకనే దోమలు. ఆగస్టు చివర గానీ సెప్టెంబరు మొదట గానీ వెళ్లండి.

అడవి బాట:
పై మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. దారి విషయానికి వస్తే, హైవే 60 పక్కనున్న కనూ లేక్ నుంచి బయలుదేరి జో లేక్ మీదుగా టీపీ లేక్ చేరి, మూడు రాత్రులూ అక్కడే మకాం పెట్టండి. మధ్యలో ఆనకట్ట దగ్గర ఒక్కటే పోర్టేజ్ (పడవను మోసుకుని నడవవలసిన బాట), దాదాపు 300 మీటర్లు. బోర్లించిన కనూ అడ్డకర్రను ఒకరు భుజాల మీద ఆనించుకుని నడిస్తే, రెండవవారు సంచులు మోస్తారు. కెవ్లార్ అనే తేలికైన గట్టి నారతో చేసిన కనూ సుమారు 20 కిలోలే ఉంటుంది కాబట్టి అద్దె కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి. సామాను ఒక్క విడతలో రాకపోతే 300 మీటర్లు కాస్తా 900 అవుతాయి, ఎందుకంటే ఖాళీ చేతులతో వెనక్కి నడవడం కూడా నడకే. ఓపియాంగో లాంటి పెద్ద సరస్సు మొదటిసారికి వద్దు. గాలి లేస్తే అలలు పడవలోకి దూకుతాయి.

కనూ లేక్‌లో హేహర్స్ట్ పాయింట్ దగ్గర కాసేపు ఆగండి. 1917లో ఆ సరస్సులోనే చనిపోయిన చిత్రకారుడు టామ్ థామ్సన్ స్మారకంగా మిత్రులు 1930లో పేర్చిన రాళ్ల గుట్ట అక్కడ ఉంది.

టొరంటో గృహిణి:
తిండికి అటుకులు, ఉప్మా రవ్వ, పులిహోర పులుసు చాలు. ఆ పార్కు లోపలి సరస్సులకు రేకు డబ్బాలూ గాజు సీసాలూ తీసుకువెళ్లనివ్వరు కనుక ఆవకాయను ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకోండి. రాత్రికి తిండితో పాటు సబ్బు, టూత్‌పేస్టు కూడా ఒకే సంచిలో కట్టి, గుడారానికి దూరంగా, నేలకు 4 మీటర్ల ఎత్తున, చెట్టు మానుకు 2 మీటర్ల ఎడంగా వేలాడదీయాలి. ఎలుగుబంటిని రప్పించేది వాసనే.

బ్రాంప్టన్ వాసి:
అందరికీ కృతజ్ఞతలు. బావగారితో మాట్లాడి ప్రయాణం సెప్టెంబరు రెండవ వారానికి మార్చాము. జాకెట్లు ఈ వారమే కొని, ముందుగా ఇంటి దగ్గరి చెరువులో తొడుక్కుని ఈది చూస్తాము.