కర్నూలు నుంచి కొడికొండ దాకా ఐదు రోజుల్లో పరుగు, అయ్యే పనేనా?

బురుజు_రన్నర్ (కర్నూలు):
అన్నలూ అక్కలూ, ఒక పిచ్చి ఆలోచన వచ్చింది, తిట్టే ముందు మొత్తం చదవండి. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి పోయే 44వ నంబరు హైవే మన రాష్ట్రంలో సుమారు 250 కిలోమీటర్లు ఉంటుంది కదా, ఇక్కడ తుంగభద్ర వంతెన నుంచి ఆ చివర కొడికొండ చెక్‌పోస్టు దాకా. ఆ ముక్క మొత్తం పరుగెత్తాలని ఉంది. సూఫియా ఖాన్ 2019లో కాశ్మీర్ నుంచి కన్యాకుమారికి 87 రోజుల్లో పరుగెత్తిందని చదివినప్పటి నుంచీ ఇదే బుర్రలో తిరుగుతోంది. అంత మనవల్ల కాదులే, కనీసం మా ఇంటి పక్కన పోయే రోడ్డు వరకైనా.

ఇప్పటికి రెండు ఫుల్ మారథాన్లు చేశాను. జనవరిలో ఐదు రోజులు సెలవు దొరుకుతుంది. డోన్, గుత్తి, అనంతపురం, పెనుకొండలో రాత్రి ఆగి ఐదో రోజు కొడికొండ చేరాలని ప్లాన్. ఫ్రెండ్ ఒకడు స్కూటీ మీద నీళ్లు, బట్టలు పట్టుకొని వస్తానన్నాడు. ఎండ తప్పించుకోవడానికి తెల్లవారుజామున 4కే మొదలుపెడదామని. మా ఆవిడైతే "బస్సులు లేవా?" అని ఒక్కటే ప్రశ్న. ఎవరైనా ఇలాంటిది చేశారా?

గుత్తికోట:
చేయబోయి మధ్యలో వదిలేసినవాణ్ణి, కాబట్టి చెప్పే హక్కు ఉందనుకుంటా. రెండేళ్ల కింద కర్నూలు నుంచి అనంతపురం మూడు రోజుల్లో అనుకొని బయల్దేరి, గుత్తిలో రైలెక్కేశాను. మొదటి రోజు డోన్ దాకా హాయిగా పోయాను, సాయంత్రం ఫోటోలు కూడా పెట్టాను. రెండో రోజు పొద్దున లాడ్జిలో షూ వేసుకోబోతే పాదం లోపలికి పోలేదు. లేసులు మొత్తం విప్పి, లోపలి అట్ట పీకేసి, గోడ పట్టుకొని తొక్కితే పోయింది. మెట్లు వెనక్కి తిరిగి దిగాను, లాడ్జి కుర్రాడు నన్నే చూస్తున్నాడు. అందుకే ఒక సైజు పెద్ద షూ ఇంకో జత పెట్టుకో. ప్రాక్టీసులో 50 ఒక్కసారి కొట్టడం కాదు, శనివారం 30, ఆదివారం మళ్లీ 30 కొట్టు, ఆ ఆదివారం ఎలా ఉంటుందో అదే నీ అసలు పరుగు.

ఇంకోటి, రోడ్డు అంచు బయటికి వాలుగా ఉంటుంది. గంటలకొద్దీ ఒకే పక్క పోతే ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. నాకు కుడి మోకాలి బయటి పక్క పట్టేసింది దానివల్లే. ఊళ్ల దగ్గర సర్వీస్ రోడ్డు దొరికితే అందులోకి దిగు.

నీ ప్లాన్‌లో ఇంకో తప్పు ఉంది. అనంతపురం నుంచి పెనుకొండ 70 దాకా వస్తుంది, అదీ నాలుగో రోజు! మధ్యలో చెన్నేకొత్తపల్లి దగ్గర తెంపు.

సీమ_లారీ (డోన్):
నేను రన్నర్ని కాదు, పద్దెనిమిదేళ్లుగా ఇదే రోడ్డు మీద బండి తోలుతున్నా. 4 గంటలకు మాత్రం వద్దు తమ్ముడూ. రాత్రంతా తోలిన వాళ్లకు కన్ను మూతపడేది 3 నుంచి 6 మధ్యే, హైదరాబాద్ బెంగళూరు బస్సులు కూడా ఆ టైంలోనే. వెలుతురు వచ్చాక బయల్దేరు, జనవరి ఎండ మనోళ్లకు ఒక లెక్కా. బండ్లకు ఎదురుగా, నీకు కుడి చేతి అంచున పో, వచ్చేది కనిపిస్తుంది. కానీ ఎదురు బండ్లే చూస్తూ పోవద్దు, రాంగ్ రూట్లో వచ్చే బైకులు, పాల క్యాన్లోళ్లు నీ వెనక నుంచి వస్తారు. చెవుల్లో పాటలు పెట్టావా, అంతే. అంచున ఆగిన లారీ కనబడితే దాన్ని చుట్టి రోడ్డు మీదికి రావద్దు, అవతల మట్టిలోంచి పో. మెరిసే జాకెట్ నీకు సరే, ఆ స్కూటీ అబ్బాయికి కూడా ఒకటి కొను. ఏదన్నా అయితే 1033కి కొట్టండి, హైవే నంబరు.

రాళ్లసీమోడు:
కారులో పోవడానికే విసుగు ఆ రోడ్డు మీద 😅 ఇంతకీ ప్యాపిలి దాటాక నీడ ఎక్కడుంది సామీ?

ఫిజియో_అక్క (కడప):
నీడ సంగతి అటుంచి ఉప్పు సంగతి చూడండి. చెమట పోతూ ఉంటే ఉత్త నీళ్లే లీటర్లకు లీటర్లు తాగడం ప్రమాదం, రక్తంలో సోడియం పడిపోతుంది. వేళ్లు ఉబ్బడం, తలనొప్పి, వాంతి, మాట తేడాగా రావడం దాని గుర్తులు. మనిషి అలా ఉంటే ఫ్రెండ్ ఇంకో నీళ్ల సీసా ఇవ్వకూడదు, ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్‌ని దాని మీద రాసిన కొలతకే కలపండి, చిక్కగా వద్దు. ఉప్పేసిన మజ్జిగ, శెనక్కాయల చిక్కీ, అరటిపండు చాలు. ఉగ్గాని బాగుంటుంది, బజ్జీలు మాత్రం సాయంత్రానికి. నొప్పి మాత్రలు మింగి పరుగెత్తడం అస్సలు వద్దు, నీళ్లు తగ్గిన ఒంట్లో అవి కిడ్నీలకు దెబ్బ. మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చిందా, పరుగు అక్కడితో బంద్.

బురుజు_రన్నర్:
అందరికీ థ్యాంక్స్. 70 సంగతి లెక్క వేసుకోలేదు, సిగ్గుగా ఉంది. ఆరు రోజులు చేశాను, 4 గంటల బయల్దేరడం తీసేశాను. ఇంకో మార్పు కూడా, కొడికొండ నుంచి మొదలుపెట్టి కర్నూలు వైపు వస్తా. బెంగళూరు వైపు ఎత్తు, ఇటు పల్లం కాబట్టి కాస్త దిగుడు కలిసొస్తుంది. అసలు కారణం అది కాదులెండి. ఇంటి నుంచి దూరంగా పరుగెత్తితే ప్రతి స్టేషన్‌లోనూ వెనక్కి రైలు కనబడుతుంది. ఇంటివైపు వస్తుంటే రైలెక్కినా అటే కదా, ఎక్కాలనిపించదని నా ఆశ.

గుత్తికోట:
అనంతపురం వచ్చినప్పుడు చెప్పు, అక్కడే కలుస్తా. అక్కడి నుంచి గుత్తి దాకా నీతో వస్తా, నాకు ఆ ముక్క బాకీ ఉంది.