‘న్యూసెన్స్ ఇన్‌స్పెక్టర్’ అన్న మాటకు తెలుగు ఏది?

ప్రశ్న: విక్టోరియా రాణి కాలపు లివర్‌పూల్ మీద ఒక వ్యాసాన్ని అనువదిస్తున్నాను. 1847లో వైద్యాధికారిగా నియమితుడైన డంకన్‌తో పాటు థామస్ ఫ్రెష్ అనే ‘న్యూసెన్స్ ఇన్‌స్పెక్టర్’ ప్రస్తావన అందులో వచ్చింది. మన వాడుకలో న్యూసెన్స్ కేసంటే తాగి వీధిలో గొడవ చేసినవారి మీద పెట్టేదే కనుక, ‘అల్లరి నివారణాధికారి’ అనవచ్చునా?

జవాబు: అనకూడదండీ. ఆ మాట చదివినవారికి లాఠీ పట్టుకున్న పోలీసు కనిపిస్తాడు గాని, మురుగుగుంటల వెంట, పందులదొడ్ల వెంట తిరిగిన పురపాలక ఉద్యోగి కనిపించడు. ఇంగ్లండులోని 1875 నాటి ప్రజారోగ్య చట్టంలో న్యూసెన్స్ అంటే ఆరోగ్యానికి చెరుపు చేసే స్థితిలో ఉన్న ఇల్లు, కంపుకొట్టే కాలువ, పేరుకున్న పెంట, జనంతో కిక్కిరిసిన నివాసం వంటివి. ముందు బాధ్యుడికి నోటీసు ఇస్తారు, అతడు పెడచెవిన పెడితే మేజిస్ట్రేటు ఉత్తర్వు తెస్తారు.

ఇదే ఉద్యోగి అంగడి మాంసాన్ని, చేపలను, పాలను కూడా తనిఖీ చేసేవాడు. చెడిపోయిందని తోచిన మాంసాన్ని పట్టుకొని న్యాయాధికారి ముందు పెడితే, అది మనుషులు తినడానికి ఉంచినది కాదని రుజువు చేసుకోవలసిన భారం వర్తకుడిదే. ఆ ఏడాదే వచ్చిన ఆహార, ఔషధ విక్రయ చట్టం ప్రకారం నమూనా కొన్న అధికారి, పరీక్షకు పంపుతున్నానని అమ్మినవాడికి అక్కడికక్కడే చెప్పి, సరుకును మూడు భాగాలు చేయమంటావా అని అడగాలి. ఒప్పుకుంటే వాటికి సీలు వేసి ఒకటి అతడికిచ్చి, ఒకటి తన దగ్గర ఉంచుకొని, మూడోది విశ్లేషకుడికి పంపాలి. కొనుగోలుదారుకు నష్టం కలిగేలా అమ్మితేనే నేరమని చట్టం అనడంతో, పరీక్ష కోసమే కొన్న ఇన్‌స్పెక్టరుకు నష్టమేమిటనే గడుసు వాదన పుట్టింది. అది చెల్లదని 1879లో సవరణ చట్టమే చేయవలసి వచ్చింది!

మరొక సభ్యురాలు: పై జవాబుకు చిన్న చేర్పు. 2024 దాకా అమలులో ఉన్న 1860 నాటి భారత శిక్షాస్మృతి 14వ అధ్యాయంలో పబ్లిక్ న్యూసెన్స్ నిర్వచనం 268వ సెక్షన్ కాగా, ఆహార కల్తీ 272వ సెక్షన్. రెండూ ప్రజారోగ్యం, భద్రత, సౌకర్యం అన్న ఒకే గొడుగు కింద ఉండేవి. నమూనాను మూడు భాగాలు చేసే పద్ధతి మన 1954 కల్తీ నిరోధక చట్టంలోనూ ఉండేది. 2006 నాటి ఆహార భద్రత చట్టంలో అవి నాలుగయ్యాయి.

మాట విషయానికొస్తే, ‘ఆరోగ్యబాధక నిరోధకాధికారి’ వంటి సమాసాలు నోరు తిరగనివి. లండన్‌కు సంబంధించిన 1891 చట్టం ఈ ఉద్యోగిని శానిటరీ ఇన్‌స్పెక్టరనే పిలిచింది, మన మునిసిపాలిటీల్లోనూ అదే పేరు. అయితే మీ వ్యాసం చెప్పేది 1847 నాటి సంగతి కనుక ‘న్యూసెన్స్ ఇన్‌స్పెక్టర్’ అనే ఉంచి, మొదటిసారి వచ్చిన చోట ‘పారిశుధ్య తనిఖీ ఉద్యోగి’ అని ఒక్క ముక్క చేర్చండి.