డేకేర్ నుంచి వచ్చిన వైరస్ ఇంట్లో చంటివాడికి సోకకుండా ఎలా?

అందరికీ నమస్కారం. మేముండేది హైదరాబాద్ మియాపూర్‌లో. మా పాపకి రెండేళ్లు, జూన్ నుంచి డేకేర్‌కి పంపుతున్నాం. పోయిన గురువారం అరచేతుల్లో, అరికాళ్లలో ఎర్రటి పొక్కులు, నోట్లో పుళ్లు. పెరుగన్నం ముద్ద పెడితే చాలు, ఏడ్చి ఉమ్మేస్తోంది. డాక్టరుగారు చూసి హ్యాండ్ ఫుట్ అండ్ మౌత్ అన్నారు. వైరస్ కాబట్టి యాంటీబయాటిక్ అక్కర్లేదన్నారు.

నాలుగో రోజుకి మా ఆయనకీ జ్వరం, వేళ్ల చివర్ల మంట. పెద్దవాళ్లకి రాదనుకున్నాం! ఇంట్లో షుగర్ ఉన్న అత్తయ్య, ఐదు నెలల బాబు ఉన్నారు. నా భయమంతా వాళ్ల గురించే.

పొక్కులు మానినా మలంలో ఈ వైరస్ వారాల తరబడి ఉంటుందట. శానిటైజర్ దీనిమీద అంతగా పనిచేయదు, డైపర్ మార్చిన ప్రతిసారీ సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోమన్నారు. అది చేస్తూనే ఉన్నాం. కానీ పాప తను చప్పరించిన గిలక్కాయే తీసుకెళ్లి తమ్ముడి నోట్లో పెడుతోంది. ఎన్నిసార్లని లాక్కోను?

ఇది దాటి వచ్చినవాళ్లు దయచేసి చెప్పండి. బొమ్మలు దేనితో కడిగారు? చంటివాణ్ణి వేరే గదిలో ఉంచితే నిజంగా ఉపయోగపడిందా? మళ్లీ డేకేర్‌కి ఎన్నాళ్లకి పంపారు? అక్కడ ఇంకో ఇద్దరికి ముందే వచ్చిందని మాకు ఆలస్యంగా తెలిసింది. గొడవ కాకుండా ఈ మాట వాళ్లతో ఎలా మాట్లాడాలి?