‘లీవ్’ అంటే వదలడమా, ఉంచడమా?

చేతిలో ఇమిడే కంప్యూటర్లో ఈమెయిల్ ఎలా పెట్టుకోవాలో పెద్దవాళ్ల కోసం తెలుగులో ఒక పేజీ రాశాను. యూజర్ నేమ్, పాస్‌వర్డ్, ఇన్‌కమింగ్ సర్వర్ వంటివి అలాగే ఉంచాను, తెరమీద కనిపించేవి అవే కాబట్టి. ‘లీవ్ మెసేజెస్ ఆన్ సర్వర్’ దగ్గర మాత్రం ‘మెయిల్స్ సర్వర్‌లో వదిలేయి’ అని రాశాను. చదివినాయన అక్కడ టిక్ పెట్టలేదు. “నాకు కావాల్సిన ఉత్తరాలు, ఎందుకు వదిలేస్తాను?” అన్నారు. పాప్ (మెయిల్స్‌ని సర్వర్ నుంచి మన దగ్గరికి తెచ్చేసుకునే పద్ధతి) కదా, మెయిల్స్ అన్నీ ఆ చిన్న తెరమీదికి వచ్చి సర్వర్‌లో చెరిగిపోయాయి. పెద్ద కంప్యూటర్ తెరిస్తే ఇన్‌బాక్స్ ఖాళీ. ఇద్దరికీ ఒకటే టెన్షన్. ఇక్కడ ఏ మాట రాయాలండీ?

జవాబు: ఆయన సరిగ్గానే చదివారండీ. మనకు వదలడమంటే పట్టు తీసేయడం. చెయ్యి వదిలాడు, ఊరు వదిలాడు, ఆశ వదులుకున్నాడు, జ్వరం వదిలింది. అన్నిచోట్లా ఏదో ఒకటి తెగిపోతోంది. ఇంగ్లీషు ‘లీవ్’లో విడిచి వెళ్లడమూ ఉంది, ఉన్నచోట ఉండనివ్వడమూ ఉంది. ఈ రెండోదానికి మన మాట ‘ఉంచు’. ఎవరైనా వస్తారనుకుంటే “తలుపు తీసి ఉంచు” అంటాం. “తలుపు తీసి వదిలేశాడు” అన్నామంటే అది కోప్పడటమే! తలుపు అదే, తెరిచి ఉండటమూ అదే, క్రియ మారేసరికి శ్రద్ధ కాస్తా నిర్లక్ష్యమైపోయింది. కాబట్టి ‘సర్వర్‌లో ఉంచు’ అనండి.

మరో జవాబు: ‘అట్టేపెట్టు’ ఎలా ఉంటుంది? తర్వాత కావాలని దాచడం అందులో చక్కగా వినిపిస్తుంది. చిన్న తెరమీద పట్టదంటారేమో.

‘డౌన్‌లోడ్’కి ‘దించుకో’ అని రాస్తే పాప్‌కి అతికినట్టు సరిపోతుంది. తలమీది మూట దించుకున్నాక తలమీద ఇంకేం ఉండదు కదా. పాప్ 1984 నాటిది. కనెక్షన్ కాసేపే ఉండే రోజుల్లో గబగబా తెచ్చుకుని లైన్ తెంపేయడానికి పనికొచ్చేది. ఐమ్యాప్ అనే ఇంకో పద్ధతికి మాత్రం ‘దించుకో’ వద్దు. అందులో అసలు ఉత్తరం సర్వర్‌లోనే ఉంటుంది, ఒకచోట చదివితే రెండోచోట కూడా చదివినట్టే కనిపిస్తుంది. అక్కడ ‘చూసుకో’ నయం. వీలుంటే ఆయనకు ఐమ్యాప్ పెట్టేయండి, సెట్టింగ్స్‌లో పోర్టు నంబరు 993. పాప్‌కి వేసే 995 అలాగే వదిలేస్తే మెయిల్స్ రావు. (చూశారా, ఇక్కడ ‘వదిలేస్తే’ ఎంత సహజంగా వచ్చిందో!)

అడిగినవారు: ‘అట్టేపెట్టు’ చదవగానే మనసుకి పట్టింది, కానీ టిక్ పెట్టె పక్కన రెండక్షరాల ‘ఉంచు’కే చోటుంది. వాక్యం ఇలా మార్చాను: ‘మెయిల్స్ ఇక్కడికి తెచ్చుకున్నాక సర్వర్‌లో కూడా ఒక కాపీ ఉంచు.’ ‘కూడా’ చూడగానే ఆయన టిక్ పెట్టేశారు.